రోగికి సేవ చేసేవారి ఐదు గుణాలు: వినయ పిటకంలోని మందుల పాఠం

ఒక భిక్ఖువుకు విరేచనాల జబ్బు చేసింది. లేవలేక తన మలమూత్రాలలోనే పడివున్నాడు. ఆనందుడితో కలిసి విహారంలోని గదులు చూస్తూ వస్తున్న బుద్ధుడు ఆ గది దగ్గర ఆగాడు. నీకు సేవ చేసేవారు లేరా అని అడిగాడు. లేరన్నాడు భిక్ఖువు. ఎందుకు లేరంటే, తాను తోటి భిక్ఖువులకు ఏ పనికీ వచ్చినవాణ్ణి కాదు కాబట్టి వారు తనను పట్టించుకోవడం లేదన్నాడు. బుద్ధుడు ఆనందుడితో నీళ్లు తెప్పించాడు. బుద్ధుడు నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు. బుద్ధుడు తలవైపు, ఆనందుడు కాళ్లవైపు పట్టుకుని ఆ రోగిని ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు.

ఈ సంఘటన మనలో చాలామందికి తెలుసు. బాబాసాహెబ్ అంబేడ్కర్ కూడా ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ గ్రంథంలో దీనిని చేర్చారు. మనం దీనిని విని బుద్ధుడి కరుణకు చేతులు జోడిస్తాం. అక్కడితో ఆగిపోతాం. కానీ వినయ పిటకం అక్కడ ఆగలేదు. ఆ తరువాత వచ్చేది కరుణ గురించి మాత్రమే కాదు, జ్ఞానం గురించి. రోగికి మందు ఇచ్చే మనిషికి ఏమేమి తెలిసి ఉండాలో అక్కడ వరుసగా ఉంది. మన ఇళ్లలో జబ్బుపడినవారిని చూసుకునే మనకూ, నర్సింగ్ చదువుతున్న మన పిల్లలకూ అది ఈనాటికీ పనికివచ్చే పాఠం.

ముందుగా ఒక నియమం. మీకు ఇక్కడ తల్లీ లేదు, తండ్రీ లేడు, ఒకరికొకరు మీరే చూసుకోవాలి అని బుద్ధుడు సంఘానికి చెప్పాడు. గురువు జబ్బుపడితే శిష్యుడు, శిష్యుడు జబ్బుపడితే గురువు, కోలుకునేదాకా సేవ చేయాలి. ఎవరూ లేని భిక్ఖువుకు సంఘమే సేవ చేయాలి. చేయకపోతే దోషం. అంటే రోగి మంచివాడా, మనకు ఉపయోగపడ్డాడా అన్న లెక్క తీసేశాడు. సేవ దయాదానం కాదు, విధి అయింది.

తరువాత వచ్చేవే ఐదు గుణాలు. రోగికి సేవ చేయడానికి తగినవాడు ఎవరు? ఒకటి, మందును సరిగా సిద్ధం చేసి ఇవ్వగలిగినవాడు. రెండు, రోగికి ఏది పడుతుందో ఏది పడదో తెలిసి, పడనిదాన్ని తీసేసి పడేదాన్ని తెచ్చేవాడు. మూడు, లాభం కోసం కాక మైత్రితో సేవ చేసేవాడు. నాలుగు, మలం, మూత్రం, వాంతి, ఉమ్మి ఎత్తిపోయడానికి అసహ్యించుకోనివాడు. ఐదు, సమయం చూసి ధమ్మపు మాటలతో రోగికి ధైర్యం, ఉత్సాహం కలిగించేవాడు.

రోగికీ ఇలాంటి జాబితాయే ఉంది. సేవ చేయడానికి అనువైన రోగి తనకు పడేదే తింటాడు, అందులోనూ మోతాదు తెలుసుకుంటాడు, మందు వేసుకుంటాడు, నొప్పిని ఓర్చుకుంటాడు. తన మేలు కోరే సేవకుడి దగ్గర జబ్బు పెరిగితే పెరిగిందని, తగ్గితే తగ్గిందని, అలాగే ఉంటే అలాగే ఉందని ఉన్నది ఉన్నట్టు చెబుతాడు.

ఈనాడు నర్సింగ్ కళాశాలలో మందుల పాఠం మొదలుపెడితే ముందుగా నేర్పేది ఇదే: సరైన రోగికి, సరైన మందు, సరైన మోతాదులో, సరైన మార్గంలో, సరైన సమయానికి ఇవ్వాలి. ఇచ్చాక ఏం జరిగిందో గమనించి రాయాలి. ఈ సూత్రాలు వినయంలో సిద్ధాంతాలుగా లేవు, అనుభవాలుగా ఉన్నాయి. మహావగ్గంలోని ఆరవ భాగం పేరే భేసజ్జ ఖంధకం, అంటే మందుల అధ్యాయం. అందులోని కొన్ని సంఘటనలు చూద్దాం.

మొదట సమయం. శరదృతువులో వచ్చిన జబ్బుతో భిక్ఖువులు గంజి తాగినా వాంతి చేసుకుంటూ చిక్కిపోయారు. బుద్ధుడు వారికి నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం అనే ఐదింటిని మందుగా అనుమతించాడు. మధ్యాహ్నం దాటాక తినకూడదన్న నియమం వల్ల వారు వాటిని భోజన వేళలోనే తీసుకున్నారు. జబ్బు తగ్గలేదు సరికదా ఇంకా చిక్కిపోయారు. అది గమనించి ఆ మందులను ఏ వేళనైనా తీసుకోవచ్చని బుద్ధుడు నియమాన్ని మార్చాడు. మందు ఒకటే, సమయం మారింది. ఈనాడు ఇన్సులిన్ ఇచ్చే నర్సుకు ఇది బాగా అర్థమవుతుంది. భోజనానికి ముందు ఇవ్వాల్సిన ఇన్సులిన్ ఇచ్చి, అన్నం రాకపోతే రోగికి చెమటలు పట్టి, వణుకు వచ్చి, స్పృహ తప్పే ప్రమాదం ఉంది.

తరువాత మోతాదు. పిలిందవచ్ఛుడు అనే భిక్ఖువుకు తలనొప్పి. ముక్కులో మందు పోయడానికి అనుమతి వచ్చింది. పోస్తే ఒక ముక్కులో ఎక్కువ, ఒక ముక్కులో తక్కువ పడుతోంది. అందుకు రెండు గొట్టాలున్న ముక్కు గరిటెను బుద్ధుడు అనుమతించాడు. కొలత తప్పితే మనిషిని తిట్టలేదు, పనిముట్టును మార్చాడు. పిల్లల సిరప్‌ను ఇంటి చెంచాతో కొలవవద్దు, సీసాతో వచ్చిన మూతతోనో సిరంజితోనో కొలవండి అని నర్సులు తల్లులకు చెప్పేది ఈ కారణానికే.

మార్గం కూడా ఉంది. వాతపు జబ్బుకు కాచిన నూనెలో మద్యం కలపాల్సి వచ్చింది. కొందరు భిక్ఖువులు ఎక్కువ కలిపి తాగి మత్తెక్కారు. మద్యం రంగు, వాసన, రుచి తెలియనంత తక్కువ కలిపిన నూనెనే తాగాలని నియమం వచ్చింది. అప్పటికే ఎక్కువ కలిపి కాచిన నూనెను ఏం చేయాలి? ఒంటికి రాసుకోవడానికి వాడమన్నాడు. లోపలికి తీసుకుంటే హాని చేసేది పైపూతగా పనికిరావచ్చు. అందుకే చీటీలో మందు పేరు చదివితే చాలదు, ఏ మార్గంలో ఇవ్వాలో కూడా చదవాలి.

ఇక నిల్వ. రాజగృహంలో పిలిందవచ్ఛుడి శిష్యులకు ఈ ఐదు మందులు విస్తారంగా అందాయి. కుండల్లో, తిత్తుల్లో నింపి దాచారు. అవి కారిపోయాయి, విహారమంతా ఎలుకలు చేరాయి. అప్పటి నుంచి వాటిని ఏడు రోజులకు మించి దాచకూడదు. పసుపు, అల్లం, వస, వేప, తులసి, పిప్పళ్లు, మిరియాలు, కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ వంటి వేళ్లు, ఆకులు, కాయలను మాత్రం అవసరమైన మందుగా ఎంతకాలమైనా ఉంచుకోవచ్చన్నాడు. అన్ని మందులకూ ఒకే గడువు ఉండదు.

ఇవన్నీ చెబుతున్నామంటే ఆ మందులన్నీ ఈనాడు వాడమని కాదు. పాముకాటుకు అదే అధ్యాయంలో మలం, మూత్రం, బూడిద, మట్టి చెప్పారు. ఈనాడు ఎవరినైనా పాము కరిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, విషవిరుగుడు ఇంజెక్షన్ అక్కడే దొరుకుతుంది. వినయం నుంచి మనం తీసుకోవాల్సింది మందుల పేర్లు కాదు. చూసి, తప్పు గ్రహించి, నియమాన్ని మార్చుకునే పద్ధతిని తీసుకోవాలి.

జీవకుడి కథ ఇదే చెబుతుంది. రాజగృహంలో సాలవతి అనే గణికకు పుట్టి, చెత్తకుప్ప మీద పారవేయబడిన బిడ్డ జీవకుడు. అభయ రాజకుమారుడు పెంచాడు. తక్షశిలలో ఏడేళ్లు వైద్యం చదివాడు. ఒకసారి బుద్ధుడికి విరేచనాల మందు అవసరమైంది. ముందు కొన్నాళ్లు ఒంటికి నూనె పట్టించమని జీవకుడు ఆనందుడికి చెప్పాడు. ఘాటైన మందు తగదని, మందులతో భావన చేసిన మూడు గుప్పెళ్ల తామరపూలు ఇచ్చి వాసన చూడమన్నాడు. ఒక్కో గుప్పెడికి పది చొప్పున ముప్పై విరేచనాలు కావాలి. గుమ్మం దాటాక గుర్తొచ్చింది: ఇరవైతొమ్మిదే అవుతాయి, వేడినీళ్ల స్నానం చేస్తేనే ముప్పయ్యవది అవుతుంది, ఆ మాట చెప్పలేదే అని. బుద్ధుడు అతని ఆలోచన గ్రహించి ఆనందుణ్ణి వేడినీళ్లు సిద్ధం చేయమన్నాడని కథ. అద్భుతాన్ని పక్కనపెట్టి చూద్దాం. రోగి తత్త్వాన్ని బట్టి మందు, లెక్కపెట్టిన ఫలితం, మరిచిపోయిన ఒక సూచన, దాన్ని పూర్తిచేసిన సేవకుడు. వైద్యుడు గుమ్మం దాటాక మందు పని చేసిందో లేదో చూసేది పక్కన ఉన్నవారే.

ఈ సంప్రదాయం విహారాలలోనే ఆగలేదు. అశోకుడి రెండవ శిలాశాసనం మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసినట్టు, మూలికలు, వేళ్లు, పండ్లు లేనిచోటికి తెప్పించి నాటించినట్టు చెబుతుంది. అది మన కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి రాళ్లమీద కూడా చెక్కివుంది. 5వ శతాబ్ది ఆరంభంలో పాటలీపుత్రం వచ్చిన చైనా భిక్షువు ఫాహియాన్, అక్కడ గృహస్థులు నడిపే ధర్మ వైద్యశాలలలో పేదలకు, అనాథలకు, వికలాంగులకు తగిన ఆహారం, మందు ఇచ్చేవారని రాశాడు.

మరి ఈ దారి ఎక్కడ తెగింది? మన వైద్య గ్రంథాలలో లోపం లేదు. చరకుడు కూడా వైద్యుడు, మందు, సేవకుడు, రోగి అనే నలుగురినీ చికిత్సకు పాదాలన్నాడు. అసహ్యించుకోకపోవడం సేవకుడి గుణమని సుశ్రుతం కూడా చెబుతుంది. తెంచింది స్మృతులు. మనుస్మృతి మూడవ అధ్యాయం శ్రాద్ధానికి పిలవకూడని వారిలో వైద్యుణ్ణి చేర్చింది. నాలుగవ అధ్యాయం వైద్యుడి అన్నం తినరాదంది. రోగి శరీరాన్ని తాకిన చేయి మైలపడిందన్నమాట. మందును తలచే తల ఒక కులానిది, మలం ఎత్తే చేయి మరో కులానిది అయ్యాయి. వినయం మొదటి గుణాన్నీ నాలుగవ గుణాన్నీ ఒకే మనిషిలో కోరింది. కులం ఆ మనిషిని రెండుగా చీల్చింది.

ఈ చీలిక ధర్మానికే కాదు, మందుకూ హాని. మందు శరీరంలోకి శోషణమై, రక్తంతో అంతటా పంపిణీ అయి, ఎక్కువగా కాలేయంలో మార్పు చెంది, మూత్రంలోనో మలంలోనో బయటికి పోతుంది. ఆ చివరి మెట్టు చూడనివారికి మందు సంగతి సగమే తెలుస్తుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరిన పెద్దాయనకు ఫ్యూరోసెమైడ్, డిజాక్సిన్ రెండూ ఇస్తున్నారు. మొదటిది మూత్రం ద్వారా నీటిని తీసేస్తుంది, దానితోపాటు పొటాషియం కూడా పోతుంది. పొటాషియం తగ్గితే డిజాక్సిన్ విషంగా మారవచ్చు. అది బయటికి పోయేది ముఖ్యంగా మూత్రపిండాల ద్వారానే కాబట్టి మూత్రం తగ్గినా ప్రమాదమే. వికారం, వాంతి, చూపు పచ్చబడటం, నాడి నెమ్మదించడం దాని గుర్తులు. అందుకే డిజాక్సిన్ ఇచ్చేముందు నర్సు నాడి చూస్తుంది. నిమిషానికి 60కన్నా తక్కువుంటే మందు ఆపి డాక్టరుకు చెబుతుంది. కానీ మూత్రం పాన్ తీసేది ఒకరు, చార్టు రాసేది మరొకరు, ఇద్దరికీ మాటల్లేవు అనుకోండి. వాంతి కడిగిన మనిషిని ఎవరూ అడగలేదు అనుకోండి. ఆ పెద్దాయన ప్రాణం ఆ మౌనంలో పోవచ్చు.

ఐదవ గుణానికీ మందుతో సంబంధం ఉంది. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ మూత్రాన్ని ఎర్రగా, నారింజ రంగుగా మారుస్తుంది. ముందే చెప్పకపోతే రోగి రక్తం పడుతోందని భయపడి మందు మానేస్తాడు. మధ్యలో మానేస్తే జబ్బు మొండిదవుతుంది. ముందుగా చెప్పిన ఒక్క ధైర్యపు మాట మందును కాపాడుతుంది.

1897లో పుణెలో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రీబాయి ఫూలే వైద్యుడైన కుమారుడు యశ్వంత్‌తో కలిసి రోగులకు సేవ చేశారు. అంటరాని వాడలో జబ్బుపడిన బిడ్డను ఎత్తుకుని వచ్చారు. ఆ జబ్బు తనకూ సోకి మార్చి 10న మరణించారు. చదువు చెప్పిన చేయీ రోగిని ఎత్తుకున్న చేయీ ఆమెలో ఒక్కటే. బుద్ధుడి గదిలో నీళ్లు పోసిన చేయి లాంటిదే అది.

ఈ మాట మనకు మనం కూడా చెప్పుకోవాలి. మన వాడల నుంచి ఎందరో అమ్మాయిలు, అబ్బాయిలు నర్సింగ్ చదువుతున్నారు. పాన్ ఎత్తే పనికి దూరంగా ఉంటేనే గౌరవం అని వారికి నేర్పే లోకం ఉంది. పైకి వచ్చిన మనమే ఆ పనిని మరింత కిందివారి మీదికి నెట్టి, వారి మాట వినకపోతే, చీలిక మన చేతిమీదుగానే కొనసాగుతుంది. రాత్రంతా రోగి పక్కన ఉన్న పారిశుద్ధ్య కార్మికురాలు ‘అక్కా, మూత్రం తక్కువ వచ్చింది’ అంటే అది చార్టులోకి ఎక్కాలి. ఆమెకు చేతితొడుగులు, సరైన జీతం అందాలి.

సంఘం సేవకుడి శ్రమను మరిచిపోలేదు. భిక్ఖువు మరణిస్తే ఆయన పాత్ర, చీవరాలు సేవ చేసినవారికే ఇవ్వాలన్నాడు బుద్ధుడు. సేవ చేసినవాడు చిన్న సామణేరుడైనా సమాన భాగం ఇవ్వాలన్నాడు. పెద్దా చిన్నా తేడా రోగి మంచం దగ్గర చెల్లలేదు.

మన ఇళ్లలో ఎవరైనా మంచం పట్టినప్పుడు ఈ ఐదు గుణాలనూ ఒకసారి గుర్తు చేసుకుందాం. మందుచీటీ చదువుదాం, పడనిది తీసేద్దాం, మైత్రితో ఉందాం, అసహ్యం లేకుండా కడుగుదాం, ధైర్యం చెబుదాం. నీళ్లు పోసేవారూ కడిగేవారూ ఒకే గదిలో కలిసి నిలబడిన ఆ రోజును మనం చేతులతో పాటించాలి.