కిటుకంతా పొరలోనే ఉంది: విషవాయువును పసిగట్టే ప్లాస్టిక్ ముక్కు కథ



పోయిన ఆదివారం మన కూటంలో ఎమ్మెస్సీ చదివే పిల్లవాడొకడు తన ప్రాజెక్టు సంగతి చెప్పినాడు. సేంద్రియ ట్రాన్సిస్టర్లతో గ్యాస్ కనిపెట్టే సెన్సరు చేస్తున్నారట. అందులో పల్చటి పొరను ఎట్లా పరచాలి, ఎట్లా ఆరబెట్టాలి అన్నదే వాడి పని. "పొర ఆరబెట్టేదానికి ఎమ్మెస్సీ ఎందుకురా, మీ అవ్వ వడియాలు పెట్టలేదా" అని ఎవరో అంటే అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. ఇంటికొచ్చినాక మనసు ఒప్పుకోలేదు. పది దినాలు కూర్చొని చదివి ఇది రాస్తున్నాను. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నవి. తప్పులుంటే మన్నించండి.

రైల్వేలో నేను గుమాస్తాను. గూడ్స్ షెడ్డులో ఉన్నప్పుడు ఏదైనా వ్యాగన్ దగ్గర ఘాటు వాసన వస్తే మాకున్న యంత్రం మా ముక్కు ఒక్కటే. భోపాల్ కార్ఖానాలోనూ 1984కు ముందు అంతే. మిథైల్ ఐసోసయనేట్ కారితే కళ్లు మండడమే కార్మికులకు గుర్తు. ఆ డిసెంబరు 2 రాత్రి స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంట్ గులాం దస్తగీర్ గారు, ప్లాట్‌ఫారం మీద నిలబడిన బండిని వేళ కాకముందే పంపించేసి ఎంతోమంది ప్రాణాలు కాపాడినారు. ఆ గాలి పీల్చి తాను మాత్రం చాలాకాలం జబ్బుతో బాధపడి 2003లో కన్నుమూసినారు. గాలి చెడిందని ఆయనకు చెప్పింది ఆయన ఊపిరితిత్తులే. ముందుగా చెప్పే పరికరం ఆ రాత్రి ఆ స్టేషన్‌లో లేదు.

మనిషి ఊపిరికి బదులు వేరేదాన్ని పెట్టాలనే ఆలోచన పాతదే. 1890లలో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త బొగ్గు గనుల్లోకి కెనరీ పిట్టలను తీసుకుపొమ్మన్నాడు. కార్బన్ మోనాక్సైడ్ తగిలితే మనిషికంటే ముందు పిట్ట సోలిపోతుంది. బ్రిటన్ గనుల్లో ఆ పిట్టలకు 1986లోగాని విశ్రాంతి దొరకలేదు. ఈలోగా 1962లో జపానులో నవోయోషి తగుచి టిన్ ఆక్సైడ్‌తో సెన్సరు కనిపెట్టినాడు. మంచి పరికరమే, ఇప్పటికీ వాడుతున్నారు. కాని అది పనిచేయాలంటే వందల డిగ్రీల వేడిలో ఉంచాలి, దానికి కరెంటు ఖర్చు.

ఇక మన పొర కథ. 1967లో టోక్యోలో హిడేకి షిరకావా పనిచేసే ప్రయోగశాలలో ఒక పొరపాటు జరిగింది. పాలీఎసిటిలీన్ చేసేటప్పుడు ఉత్ప్రేరకం వెయ్యి రెట్లు ఎక్కువ పడింది. ఎప్పుడూ వచ్చే నల్లటి పొడికి బదులు వెండిలా మెరిసే పొర వచ్చింది. దాన్ని ఏ వేడిలో చేస్తారన్నదాన్ని బట్టి రంగూ మారింది: చల్లగా చేస్తే రాగి రంగు, వేడిగా చేస్తే వెండి రంగు. తరువాత ఆయన అమెరికాలో అలన్ మెక్‌డయార్మిడ్, అలన్ హీగర్‌లతో కలిసి ఆ పొరకు బ్రోమిన్, అయోడిన్ ఆవిరి తగిలించినారు. కరెంటు పారే గుణం కోటి రెట్లు పెరిగింది. 1977లో అచ్చయిన ఆ పనికి 2000లో నోబెల్ వచ్చింది. అందరూ దీన్ని కరెంటు పారే ప్లాస్టిక్ కథగా చెప్తారు. నాకు మాత్రం ఇంకొకటి కనిపించింది. ఆవిరి తగిలితే కరెంటు మారింది కదా, అంటే ఆ పొర ఆ రోజే వాసన పట్టింది.

1986లో మిత్సుబిషి ఎలక్ట్రిక్ శాస్త్రవేత్తలు పాలీథయోఫీన్ అనే ప్లాస్టిక్‌తో ట్రాన్సిస్టర్ చేసి చూపించినారు. దాని కట్టుబడి ఇట్లా ఉంటుంది. రెండు లోహపు కొసల నడుమ సేంద్రియ పొర, దాని కింద కరెంటు పారనివ్వని పొర, ఆ కింద గేటు. గేటుకు వోల్టేజి ఇస్తే పొరలో కరెంటు పారే దారి తెరుచుకుంటుంది. మన స్టేషన్‌లో సిగ్నల్ ఇస్తే లైను తెరుచుకున్నట్టే. అయితే ఆ కరెంటు పొర అంతటా పారదు. అట్టడుగున కొన్ని నానోమీటర్ల మందంలోనే పారుతుంది. గ్యాస్ వచ్చేది పైనుంచి. పైన తగిలిన గ్యాస్ కిందనున్న దారికి చేరేదెట్లా? పిల్లవాడి ఎమ్మెస్సీ మొత్తం ఈ ప్రశ్నలోనే ఉంది.

పొర మందంగా ఉంటే గ్యాస్ కిందికి దిగేదానికి ఆలస్యం. మరీ పల్చగా వేస్తే పొర తెగి ముక్కలు ముక్కలుగా నిలుస్తుంది, కరెంటుకు దారే ఉండదు. ఇంకొక చిక్కు ఉంది. ఈ పొర ఒకే అద్దంలా ఉండదు, చిన్న చిన్న పలుకులు పక్కపక్కన పేర్చినట్టు ఉంటుంది. నిదానంగా ఆరనిస్తే పలుకులు పెద్దవవుతాయి. క్లోరోఫాం 61 డిగ్రీలకే మరుగుతుంది, అందుకే అందులో కరిగించి పోస్తే పొర చటుక్కున ఆరిపోతుంది. 132 డిగ్రీలకు మరిగే క్లోరోబెంజీన్‌లో అయితే నింపాదిగా ఆరి, అణువులు వరుసగా సర్దుకుంటాయి. ఆరినాక మళ్లీ కాస్త కాచినా పలుకులు పెరిగేది సహజం. పలుకులు పెద్దవైతే కరెంటు బాగా పారుతుంది. టీవీ తెరకు చేసేవాళ్లకు అదే కావాలి.

వాసన పట్టేదానికి మాత్రం లెక్క తిరగబడింది. 2000లో ఇటలీ బారి విశ్వవిద్యాలయం నుంచి లూయిసా టోర్సి, బెల్ ల్యాబ్స్ నుంచి అనంత్ దొడ్డబళ్లాపూర్ తదితరులు సేంద్రియ ట్రాన్సిస్టర్ ఒకటే గ్యాస్ గురించి ఒకటికి మించిన కొలతలు చెప్పగలదని చూపించినారు. (ఆ ఇంటిపేరు చూడగానే మన కర్ణాటక సభ్యులు సంతోషిస్తారని తెలుసు.) 2002లో ఆ బృందమూ, తకావో సొమేయా కలిసి చేసిన పనిలో అసలు గుట్టు తెలిసింది. పెంటనాల్ ఆవిరి తగిలితే పలుకుకూ పలుకుకూ నడుమనుండే సందులోనే ఎక్కువ మార్పు వస్తున్నది. పలుకులు చిన్నవైతే సందులు ఎక్కువ, సందులు ఎక్కువైతే ముక్కు చురుకు. టీవీ తెర చేసేవాడికి లోపమైనది సెన్సరు చేసేవాడికి తలుపు అయింది.

2017లో అమెరికాలో యింగ్ డియావ్ బృందం ఇంకొక అడుగు వేసింది. పొరలోనే కావాలని సన్నని రంధ్రాలు పెట్టినారు. మనం దోసె పోసేటప్పుడు కళ్లు కళ్లుగా రావాలని చూస్తామే, అట్లా. ఆ రంధ్రాల గుండా గ్యాస్ నేరుగా కిందికి దిగుతుంది. వంద కోట్ల పాళ్లలో కొన్ని పాళ్లే అమ్మోనియా ఉన్నా పట్టగలిగే స్థాయికి వచ్చింది.

మన దేశంలోనూ పని జరిగింది. అప్పటి పాలమూరు జిల్లా కొల్లాపూర్ నుంచి వచ్చి, వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివిన వి. రాంగోపాల్ రావు గారు ఐఐటీ బొంబాయిలో ఉన్నప్పుడు, పేలుడు పదార్థాల ఆవిరిని పట్టే సేంద్రియ ట్రాన్సిస్టర్ల మీద తన బృందంతో పరిశోధన చేసినారు.

అన్నీ తీరిపోయినాయని చెప్పను. ఈ పొరలకు గాలిలోని తేమ, ఆక్సిజన్ కూడా తగులుతాయి. రోజులు గడిచేకొద్దీ కొలత జరుగుతుంది. అమ్మోనియాకూ మరోదానికీ తేడా పట్టడం కష్టం. అందుకే ఇంకా తగుచి సెన్సరే మార్కెట్‌లో ఉంది. అయితే మామూలు గది వేడిలో, తక్కువ కరెంటుతో, ప్లాస్టిక్ అట్ట మీద పనిచేయగలగడం దీని బలం. చవకగా వస్తే ప్రతి వ్యాగన్‌కూ, ప్రతి కార్ఖానా పక్క వీధికీ ఒకటి అతికించవచ్చు. 2020 మే 7న విశాఖ వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి నిద్రలో ఉన్నవాళ్ల ఇళ్లలోకి వచ్చింది. వాళ్లకూ ముందుగా చెప్పింది ముక్కే, అదీ ఆలస్యంగా.

అందుకే ఆ పిల్లవాడికి ఈ తాత మాట. నాయనా, ఆ రోజు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను, మనసులో పెట్టుకోవద్దు. వడియాలు ఎండబెట్టే అవ్వకు కూడా ఏ ఎండకు ఏ పిండి పగులుతుందో తెలుసు. అది చిన్న విద్య కాదు, నీదీ కాదు. వచ్చే కూటంలో నీకు అరగంట ఇమ్మని కార్యదర్శి గారిని అడిగినాను. పొర చేసి తీసుకురా, అందరం చూస్తాము.