విస్తృత అయనీకృత వాయువు

పాలపుంతలో నక్షత్రాల నడుమ పరచుకున్న హైడ్రోజన్‌లో కొంత భాగం ఎలక్ట్రాన్లను కోల్పోయి, అయనీకృత స్థితిలో ఉంటుంది. దాని ఉష్ణోగ్రత సుమారు 8,000 కెల్విన్లు. ఘన సెంటీమీటరుకు ఒక్క ఎలక్ట్రాన్ కూడా ఉండనంత పలుచన. అయినా మన గెలాక్సీలోని అయనీకృత హైడ్రోజన్‌లో దాదాపు 90 శాతం ఇదే. కంటికి ఇంపుగా మెరిసే ఒరాయన్ నెబ్యులా వంటి మేఘాల వాటా చాలా తక్కువ.

తక్కువ పౌనఃపున్యపు రేడియో తరంగాలు దారిలోనే ఇంకిపోవడం గమనించి, ఇలాంటి పొర ఉండాలని 1963లో ఫ్రెడ్ హోయిల్, జి.ఆర్.ఎ. ఎల్లిస్ ప్రతిపాదించారు. 1970లలో రోనాల్డ్ రెనాల్డ్స్ 656.3 నానోమీటర్ల వద్ద దాని మసక ఎరుపు కాంతిని కొలిచాడు. అందుకే దీన్ని రెనాల్డ్స్ పొర అని కూడా అంటారు.

హైడ్రోజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. అంటే 91.2 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగదైర్ఘ్యమున్న అతినీలలోహిత కాంతి. విడిపోయిన ఎలక్ట్రాన్, ప్రోటాన్లు ఇంత పలుచని వాయువులో కూడా పది లక్షల ఏళ్ళ స్థాయి కాలంలో మళ్ళీ కలిసిపోతాయి కాబట్టి శక్తి ఎడతెగకుండా అందుతూనే ఉండాలి. సూపర్‌నోవాల శక్తంతా ధారపోసినా అవసరానికి బొటాబొటిగానే సరిపోతుంది. భారీ 'ఓ' తరగతి నక్షత్రాల అయనీకరణ కాంతిలో మాత్రం ఆరో వంతు చాలు.

శక్తి లెక్క ఇలా తేలినా, అసలు చిక్కు దారి దగ్గర ఉంది. ఆ నక్షత్రాలు గెలాక్సీ పళ్ళెం నడిమి తలాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. చుట్టూ ఉన్న తటస్థ హైడ్రోజన్ వాటి కాంతిని ఇట్టే మింగేస్తుంది. మరి ఆ కాంతి ఫోటాన్లు ఈ పొర విస్తరించిన వేల కాంతి సంవత్సరాల ఎత్తుకు ఎలా చేరతాయి? సూపర్‌నోవాలు తొలిచిన పెద్ద బుడగలు, అల్లకల్లోలంగా కదిలే వాయువులోని సందులు దారి ఇస్తాయన్నదే నేడు బలమైన సమాధానం. మరో వివరణగా, బరువైన న్యూట్రినోలు క్షయమై ఈ అయనీకరణ కాంతినిస్తాయని శాస్త్రవేత్త డెనిస్ షియామా చెప్పాడు. కానీ ఆ సిద్ధాంతం ఊహించిన అతినీలలోహిత రేఖ కనిపించలేదు.

అంచు వైపు నుంచి మనకు కనిపించే ఎన్‌జీసీ 891 గెలాక్సీలోనూ 1990లో ఇలాంటి మందపాటి పొర బయటపడింది. అక్కడ పైకి వెళ్ళేకొద్దీ హైడ్రోజన్ కాంతితో పోలిస్తే నైట్రోజన్, గంధకం అయాన్ల కాంతి హెచ్చుతుంది. నక్షత్రకాంతి ఒక్కదానితోనే ఆ పెరుగుదల పూర్తిగా పొసగదు. ఆఘాత తరంగాలు, వయసు మళ్ళిన వేడి చిన్న నక్షత్రాలు కూడా తోడవుతున్నాయన్న వాదనలకు బలం ఇక్కడి నుంచే వచ్చింది.