ఒక రోస్టు, రెండు పథ్యాలు

వృత్తికి పారిస్‌లో న్యాయమూర్తి, ప్రవృత్తికి భోజనప్రియుడు అయిన బ్రియా-సవరాన్ కన్నుమూసి దాదాపు 200 ఏళ్లు. 1826 ఫిబ్రవరిలో ఆయన పోయేనాటికి, రుచుల మీద ఆయన రాసిన పుస్తకం అచ్చయి రెండు నెలలే. దాని మీద తన పేరు కూడా వేసుకోలేదు. అందులో ఊబకాయం గురించి రాస్తూ, మనిషి లావెక్కడానికి పెద్ద కారణం గంజి నిండిన గింజలూ దుంపలూ పిండేనని తేల్చాడు. రొట్టెకూ దుంపకూ దూరంగా ఉండి మాంసం, కూరగాయలు తినమన్నాడు. ఆ మాట ఇప్పుడు వంటపుస్తకాల అట్టల మీద ‘లో-కార్బ్, గ్లూటెన్-ఫ్రీ’ అనే జంట ముద్రగా కనిపిస్తోంది. ఆ ముద్ర వేయించుకున్న వంటల్లో, ఇంగ్లండు, అమెరికా ఇళ్లలో ఆదివారం పూట సన్నసెగ మీద నాలుగు గంటలు మగ్గే బీఫ్ రోస్టు ముందు వరసలో ఉంటుంది. ఈ రెండు మాటలనూ కలిపి పలకడం అలవాటైపోయింది గానీ, చరిత్ర తిరగేస్తే ఇవి కవలలు కావు సరికదా, దూరపు చుట్టాలు కూడా కావు. ఒక పథ్యానికి మందైనది రెండో పథ్యానికి విషమైన కాలం ఉంది. ఆ తేడా తెలియకుండా రోస్టును ‘ఆరోగ్యకరం’ చేయబోతే తీయనక్కర్లేనిది తీసేస్తాం, తీయాల్సింది ఉంచేస్తాం. తెలిస్తే మాత్రం మాంసాన్ని మార్చే పనే ఉండదు.

కఠినమైన మాంసాన్ని నిదానంగా ఉడికించి మెత్తబరచడం కుండతో పాటే పుట్టిన విద్య. రాతలో దొరికే తొలి సాక్ష్యం క్రీ.పూ. 1700 ప్రాంతపు బాబిలోనియా మట్టిపలకలు. ఇప్పుడవి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వాటి నిండా మాంసం పులుసులే. కొన్నింట్లో బార్లీ రొట్టె నలిపి వేస్తారు. రోమన్ల వంటల సంకలనం అపీకియస్‌లో చిక్కదనానికి గోధుమ గంజిపొడి తరచూ కనిపిస్తుంది. మధ్యయుగాల యూరప్‌లో రొట్టె కాల్చి, నానబెట్టి, నూరి కలిపేవారు. కలిగినవారి ఇళ్లలోనైతే బాదం ముద్ద, గుడ్డు సొన. పిండిని కొవ్వులో వేయించి పులుసులో కలిపే పద్ధతికి 1651లో ఫ్రెంచి వంటవాడు లా వారెన్ పుస్తకంతో గౌరవం వచ్చింది. బంగాళాదుంప ఆండీస్ కొండల నుంచి స్పెయిన్‌లో దిగిందే 16వ శతాబ్దం రెండో సగంలో. యూరప్‌లో సామాన్యుడి కంచానికి చేరేసరికి మరో రెండు వందల ఏళ్లు గడిచాయి. మూడు వేల ఏళ్లకు పైగా ఒక్క పేరాలో దాటించేశామని చరిత్రకారులు కోప్పడతారేమో. ఏం చేస్తాం, వంటవాళ్లెవరూ శాసనాలు వేయించుకోలేదు. ఉన్న సాక్ష్యం మేరకు ఒకటి మాత్రం స్పష్టం. మాంసం, నీరు, సన్నసెగ మారలేదు. చిక్కదనానికి వేసేది మాత్రం కాలానికొకటి, అంతస్తుకొకటి. కాబట్టి పిండి వేయని గ్రేవీ, దుంప లేని రోస్టు సంప్రదాయ విరుద్ధమనేవారిని అడగాల్సింది ఒక్కటే: ఏ శతాబ్దపు సంప్రదాయం?

ఇక లో-కార్బ్ పథ్యపు కథానాయకుడి దగ్గరికి వద్దాం. విలియం బ్యాంటింగ్ వ్యాపారం అంత్యక్రియల ఏర్పాట్లు. లండన్ సెయింట్ జేమ్స్ వీధిలో ఆయన కుటుంబపు దుకాణం. 1820లో రాజు మూడో జార్జి అంతిమయాత్ర నుంచి 1861లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ అంతిమయాత్ర దాకా ఆ కుటుంబం చేతుల మీదుగా నడిచినవే. నడుమ 1852లో, నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ డ్యూక్‌నూ వాళ్లే సాగనంపారు. ఊరందరి ఆఖరి కొలతలు తీసుకునే మనిషికి తన కొలతే బెంగ అయింది. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, 1862 ఆగస్టులో బరువు 202 పౌండ్లు, అంటే 92 కిలోల దరిదాపు. ఇవాళ మన పెళ్లి భోజనాల బంతిలో ఈ అంకెను ఎవరూ ప్రత్యేకంగా చూడరు. ఆయనకు మాత్రం వంగి బూటు తాడు కట్టుకోవడం సాధ్యమయ్యేది కాదు. మెట్లు దిగాలంటే మోకాళ్ల మీద భారం పడకుండా వెనక్కి తిరిగి, ఒక్కొక్కటే దిగేవాడు.

చెప్పిన వైద్యమల్లా చేశాడు. పొద్దున్నే నదిలో పడవ నడిపితే కండ బలపడింది గానీ, ఆకలి దాన్ని మించి పెరిగి ఇంకాస్త లావెక్కాడు. సముద్రస్నానాలు, గుర్రపుస్వారీ, ఆవిరి స్నానాలు, ఊరూరా ఔషధ జలాలు, ఏదీ కలిసిరాలేదు. చివరికి చెవి సరిగా వినపడక విలియం హార్వే అనే చెవి వైద్యుణ్ని ఆశ్రయించాడు. రక్తప్రసరణ సంగతి చెప్పిన హార్వే ఈయన కాదు, ఇన్సులిన్ కనుగొన్న బ్యాంటింగూ మన బ్యాంటింగ్ కాదు. ఈ కథలో పేర్లు కావాలనే తికమక పెడతాయి. ఈ హార్వే అంతకు మునుపు పారిస్‌లో, కాలేయం చక్కెర తయారు చేస్తుందని నిరూపించిన క్లోడ్ బెర్నార్డ్ ఉపన్యాసం విని వచ్చాడు. మధుమేహానికి చెప్పే పథ్యం ఊబకాయానికీ పనికొస్తుందేమోనన్న ఊహ అక్కడే మొలిచింది. చెవికి అడ్డం కొవ్వేనని తేల్చి రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంప మానమన్నాడు.

ఏం తినాలో చెప్పిన పట్టిక ఇంకా బాగుంటుంది. పొద్దున నాలుగైదు ఔన్సుల బీఫో మటనో చేపో, పాలూ చక్కెరా లేని టీ, ఔన్సు ఎండు టోస్టు. మధ్యాహ్నం ఐదారు ఔన్సుల చేప లేదా మాంసం, బంగాళాదుంప తప్ప ఏ కూరగాయైనా సరే, మళ్లీ ఔన్సు టోస్టు, రెండు మూడు గ్లాసుల ద్రాక్షసారా. సాయంత్రం కాసిన్ని పండ్లు, ఒకటో రెండో రస్కులు. రాత్రికి మళ్లీ మూడు నాలుగు ఔన్సుల మాంసం, ఒకటి రెండు గ్లాసులు. నిద్రపట్టడానికి కావాలంటే చక్కెర కలపని జిన్నో విస్కీనో. మన ఆయుర్వేద వైద్యులు వింటే చెవులు మూసుకునే పథ్యం ఇది. ఏడాది తిరిగేసరికి 46 పౌండ్లు తగ్గాడు, నడుము పన్నెండంగుళాలు దిగింది. ఆ ఉత్సాహంలో 1863లో సొంత ఖర్చుతో చిన్న పుస్తకం వేసి ఊరికే పంచిపెట్టాడు. ఖాతాదారుల ఆయుష్షు పెంచి తన వ్యాపారానికే గండి కొట్టుకోబోయిన వర్తకుడు మరొకడు ఉండడేమో! వైద్యం చదవని వాడికి ఈ పెత్తనమేమిటని వైద్యలోకం విరుచుకుపడింది. జనం మాత్రం ఎగబడి చదివారు. బ్యాంటింగ్ 1878లో, 81 ఏళ్లు బతికి పోయాడు.

ఆ పట్టికలో చాలామంది చూడకుండా దాటేసేది ఔన్సు టోస్టు. రోజూ గోధుమ తింటూనే ఆయన బరువు తగ్గాడు. ఆయన తగాదా మోతాదుతోనే గాని గోధుమతో కాదు. అంతకు ముందే 1841లో పారిస్ వైద్యుడు బుషార్దా మధుమేహ రోగుల కోసం ఒక రొట్టె ప్రవేశపెట్టాడు. గోధుమపిండి ముద్దను నీళ్లలో పిసుకుతూ పోతే గంజి కొట్టుకుపోయి చేతిలో సాగే జిగురు మిగులుతుంది. అదే గ్లూటెన్. దానితో చేసిన రొట్టె అది. అంటే ఆనాటి లో-కార్బ్ రొట్టెకు గ్లూటెనే ప్రాణం. నేటికీ కీటో రొట్టెలని అమ్మేవాటిలో కొన్ని ఇదే గ్లూటెన్ పొడితో తయారవుతున్నాయి. రెండు పథ్యాలూ ఒకటే అనుకుని, గ్లూటెన్‌తో పేగు దెబ్బతినే సీలియాక్ రోగి అది కొని తింటే నేరుగా ఆసుపత్రి దారే.

రెండో పథ్యమైన గ్లూటెన్-ఫ్రీకి పుట్టిల్లు పిల్లల వార్డు. పొట్ట ఉబ్బి, కాళ్లూ చేతులూ సన్నబడి, విరేచనాలతో చిక్కిపోయే పిల్లల సీలియాక్ జబ్బును 1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ వర్ణించాడు. నయమయ్యే పక్షంలో ఆహారంతోనే అవుతుందన్నాడు. అంత సరిగ్గా చెప్పిన మనిషి, పల్చగా కోసి రెండు వైపులా కాల్చిన రొట్టె పెట్టవచ్చన్నాడు! గోధుమను పట్టుకున్నది హేగ్ నగరంలోని జూలియానా పిల్లల ఆసుపత్రి వైద్యుడు విలెం డికె. 1930లలోనే ఆయనకు అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో జర్మన్ల ఆక్రమణ కింద పశ్చిమ నెదర్లాండ్స్ కరువు పాలై జనం తులిప్ దుంపలు ఉడికించుకు తిన్నారు. రొట్టె కరువైన ఆ రోజుల్లో ఈ పిల్లలు తేరుకోవడం, రొట్టె తిరిగొచ్చాక జబ్బు తిరగబెట్టడం ఆయన అనుమానానికి బలమిచ్చాయి. 1950లో ఉట్రెక్ట్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో గోధుమ దోషిగా తేలింది. బియ్యం, మొక్కజొన్న, బంగాళాదుంప బయటపడ్డాయి. బ్యాంటింగ్ వెలివేసిన దుంపకు డికె దగ్గర చోటు దొరికింది. బుషార్దా మందుగా పెట్టిన జిగురును డికె విషమన్నాడు.

ఇక్కడి నుంచి కథ వరస తప్పుతుంది. షికాగో ఇంజినీరు ఇర్వింగ్ నాక్సన్ 1940లో కరెంటు కుండకు పేటెంటు పొందాడు. లిథువేనియాలో యూదులు శుక్రవారం సాయంత్రం బేకరీ పొయ్యిలో పెట్టి శనివారం తినే చోలెంట్ గురించి తల్లి చెప్పిన మాటలే దానికి ప్రేరణ. చోలెంట్‌లో మాంసంతో పాటు చిక్కుడు గింజలు, బార్లీ, బంగాళాదుంప ఉంటాయి, అంటే రెండు పథ్యాలూ నిషేధించినవి ఒకే కుండలో. 1971లో అది క్రాక్-పాట్ పేరుతో అమెరికా వంటిళ్లకు చేరింది. ఆ మరుసటి ఏడాదే డాక్టర్ అట్కిన్స్ పుస్తకం వచ్చి బ్యాంటింగ్ పథ్యాన్ని కొత్త చొక్కా తొడిగి నిలబెట్టింది. 2013లో అమెరికా, కిలో ఆహారంలో 20 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ ఉంటేనే ‘గ్లూటెన్-ఫ్రీ’ అని పేరు పెట్టుకోవాలంది. మన దేశంలోనూ హద్దు అదే. తర్వాత పథ్యం పోయి ఫ్యాషన్ మిగిలింది, జబ్బు లేనివారికీ ‘గ్లూటెన్-ఫ్రీ’ ఒక హోదా అయింది. వ్యాపారులు రెండు ముద్రలనూ పక్కపక్కన గుద్దడం మొదలుపెట్టారు.

ఇప్పుడు కుండ మూత తీసి చూద్దాం. భుజం, రొమ్ము దగ్గరి మాంసంలో కొలాజెన్ ఎక్కువ. మూడు నాలుగు గంటలు సన్నసెగ మీద మగ్గితే అది జెలటిన్‌గా కరిగి పులుసుకు తానే జిగి తెస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో పెద్దకూరగా అమ్మే గేదె మాంసంలో కొవ్వు తక్కువైనా ఈ సూత్రం మారదు. వేయించే ముందు పిండి అద్దాలన్నది అలవాటు మాత్రమే. ముక్కను గుడ్డతో తడి లేకుండా ఒత్తి, బాగా కాగిన పెనం మీద కదపకుండా ఉంచితే తన మాంసకృత్తులతోనే ఎర్రబడుతుంది. మరి ఇప్పుడు పిండి ఎందుకు వేస్తారు? కరెంటు కుండ బిగుతు మూత కింద ఆవిరి బయటికి పోదు, పులుసు నీళ్లగానే మిగిలిపోతుంది. దాన్ని వెడల్పు గిన్నెలోకి వంచి, పైన తేలిన కొవ్వు తీసి, సగానికి ఇగరబెడితే పిండి అక్కర్లేదు. మాంసంతో ఉడికిన ఉల్లిపాయ మెదిపి కలిపినా చాలు. అంకెలు చూస్తే వింత బయటపడుతుంది. ఆరుగురికి చేసే గ్రేవీలో రెండు పెద్ద చెంచాల పిండి వేస్తే మనిషికి రెండు గ్రాముల పిండిపదార్థం. లో-కార్బ్ వారికి అదొక లెక్క కాదు. కానీ ఆ రెండు చెంచాల్లో గ్లూటెన్ గ్రాముకు పైనే. రోజూ 50 మిల్లీగ్రాములు లోపలికి పోయినా కొన్ని నెలల్లో సీలియాక్ రోగి పేగు దెబ్బతింటుంది. అదే 200 గ్రాముల బంగాళాదుంపలో గ్లూటెన్ సున్నా, పిండిపదార్థం 34 గ్రాములు. దాని బదులు ముల్లంగో టర్నిప్పో వేస్తే మూడో వంతుకు దిగిపోతుంది. పిండి బదులు కార్న్‌ఫ్లోర్ వేస్తే గ్లూటెన్ పోతుంది, పిండిపదార్థం పోదు. బజారు సోయా సాస్‌లో చాలావరకు గోధుమ ఉంటుంది. మన ఇంగువ పొడిలోనూ గోధుమపిండి కలుపుతారు. బీఫ్‌కు తెలుగు తాలింపు పెట్టేవారు ముందు అనుమానించాల్సింది ఆ డబ్బానే.

పిండీ దుంపా తీసేయవచ్చన్న ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది హైదరాబాదీ హలీం. అందులోనూ మాంసం గంటల తరబడి ఉడుకుతుంది, గోధుమ తీసేస్తే హలీమే ఉండదు. నిజమే. అక్కడ గోధుమ వంటకు ఒళ్లు. రోస్టులో పిండి పైపూత. అందుకే ఈ వాదన రోస్టుకు నిలుస్తుంది, హలీంకు నిలవదు. రెండోది ఇంకా బరువైనది. పిండి, దుంప వచ్చింది రుచి కోసమేనా? కొంచెం మాంసం ఎక్కువ నోళ్లకు సర్దడానికి కూడా. అవి తీసేస్తే అదే కుండ ఆరుగురికి బదులు నలుగురికే వస్తుంది. రోజుకు మూడు పూటలా మాంసం తినగలిగింది రాచవారి వ్యాపారం చేసిన బ్యాంటింగ్ గనుకనే. ఈ పథ్యం ఖరీదైనదన్న మాటకు జవాబు లేదు, ఒప్పుకోవాల్సిందే. మూడోది ఆరోగ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ఎర్ర మాంసాన్ని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అన్న జాబితాలో చేర్చింది. పిండి తీసినంత మాత్రాన రోస్టు మందైపోదు. ఆదివారం వంటను ఆదివారానికే ఉంచితే మంచిది.

వండేవారు వచ్చే అతిథిని ఏ పథ్యమని ముందే అడగాలి. బరువు కోసమైతే దుంప తీయండి, సీలియాక్ అయితే పిండి తీసి గరిటె, పెనం కూడా వేరు చేయండి. తనకు గోధుమ పడడం లేదని అనుమానం ఉన్నవారు సొంతంగా మానేయకుండా ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. గోధుమ మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేనట్టే ఫలితం రావచ్చు.