బౌద్ధం ఇంటికి వచ్చినప్పుడు: చైనాలో, కృష్ణా తీరంలో

చరిత్ర పుస్తకంలో "బౌద్ధమతం చైనాకు వ్యాపించింది" అని ఒక్క వాక్యం ఉంటుంది. మనం దాన్ని చదివేసి పేజీ తిప్పేస్తాం. కానీ అది అంత సులువుగా జరగలేదు. క్రీ.శ. 1వ శతాబ్దంలో, హాన్ వంశం రోజుల్లో, ఈ మతం మధ్య ఆసియా వర్తకుల దారి వెంట చైనాకు చేరింది. 148లో ఆన్ షీగావ్ అనే పార్థియా దేశపు భిక్షువు లోయాంగ్ నగరానికి వచ్చి, బౌద్ధ గ్రంథాలను చైనా భాషలోకి మార్చడం మొదలుపెట్టాడు. అక్కడి పెద్దలకు ముందు వచ్చిన సందేహాలు ఇంటి గురించే.

కన్ఫ్యూషియస్ బోధల్లో పెరిగిన వాళ్లకు తల్లిదండ్రుల సేవను మించిన ధర్మం లేదు. ఒళ్లూ వెంట్రుకలూ కూడా అమ్మానాన్న ఇచ్చినవే, వాటిని పాడుచెయ్యకూడదు అని వాళ్ల నమ్మకం. భిక్షువేమో గుండు చేయించుకుంటాడు, ఇల్లు విడుస్తాడు, పెళ్లి చేసుకోడు. మరి ముసలితల్లికి అన్నం ఎవరు పెడతారు? సంతానం లేకపోతే తాతముత్తాతలకు పూజ ఎవరు చేస్తారు? రాజుకు కూడా దణ్ణం పెట్టనంటే ఎలా? ఈ చివరి ప్రశ్నకు 404లో హుయియువాన్ అనే భిక్షువు ఒక గ్రంథమే రాశాడు, ఇల్లు విడిచినవాడు రాజుకు మొక్కనక్కరలేదని. ఆ రోజుల్లో అలా రాయడానికి ధైర్యం కావాలి.

మన తెలుగు నేల మీద ఈ ఇంటి ప్రశ్నకు జవాబు నాగార్జునకొండ రాళ్ల మీద ఉంది. 3వ శతాబ్దంలో అక్కడ, విజయపురిలో, ఇక్ష్వాకులు పాలించారు. మొదటి రాజు శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసినవాడు, మహాసేనుడి భక్తుడు. మహాసేనుడంటే కుమారస్వామే, మన ఊళ్లలో మురుగన్ అంటాం. ఆయన తోడబుట్టిన చాంతిసిరి మాత్రం బుద్ధుడి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది. అన్న యజ్ఞాలు, చెల్లెలి చైత్యం, రెండూ ఒకే ఇంట్లో!

అప్పుడు శాంతమూలుని కొడుకు వీరపురుషదత్తుడు రాజు. చాంతిసిరికి అతను మేనల్లుడూ, అల్లుడూ కూడా. మేనరికం మనకేమీ కొత్త కాదు కదా! ఆమె శాసనంలో నాకు నచ్చిన మాట ఒకటుంది. ఈ దానం వల్ల వచ్చే పుణ్యాన్ని తన ఉభయ కులాలకూ, అంటే పుట్టింటికీ మెట్టింటికీ, పోయినవాళ్లకూ ఉన్నవాళ్లకూ ఇంకా పుట్టబోయేవాళ్లకూ ఇస్తున్నానని చెక్కించింది. చైనా పెద్దలు తాతముత్తాతల సంగతేమిటని అడిగారే, వాళ్లను కూడా ఆమె తన లెక్కలో చేర్చుకుంది.

చైనా కూడా చివరికి ఇలాంటి దారికే వచ్చింది. బుద్ధ విగ్రహం చేయించినవాళ్లు దాని మీద ఏడు తరాల తల్లిదండ్రుల పేరున పుణ్యం రాయించడం మొదలుపెట్టారు. ఏడో నెల పున్నమినాడు భిక్షువులకు దానమిస్తే చనిపోయిన అమ్మానాన్నల బాధ తీరుతుందన్న పండుగ కూడా వచ్చింది. మనవాళ్లు ఆడి అమావాస్యకు తర్పణం వదిలినట్టే అనుకోండి.

నాగార్జునకొండలో ఇంకో శాసనం ఉంది. అది వీరపురుషదత్తుని 14వ ఏట బోధిసిరి అనే ఉపాసిక రాయించినది. సింహళ భిక్షువులు ధర్మం చేర్చిన దేశాల పేర్లు అందులో వరసగా ఉన్నాయి: కాశ్మీరం, గాంధారం, చైనా, ఇంకా కొన్ని. వాటిలో దమిళ అని కూడా ఉంది. అంటే మన ఆండిపట్టి ఉన్న ఈ తమిళ నేల. మణిమేకలై కథ పుట్టింది ఈ నేల మీదే.

చైనాలో గొడవ మళ్లీ మళ్లీ లేచింది. 845లో ఊత్సుంగ్ చక్రవర్తి 4,600 విహారాలను మూయించి, 2,60,500 మంది భిక్షువులనూ భిక్షుణులనూ ఇళ్లకు పంపించాడు. వాళ్లు పన్ను కట్టరు, మతమేమో పరాయిది అన్నవి అతని కారణాల్లో ముఖ్యమైనవి. మరుసటి ఏడు అతను చనిపోయాడు, కొత్త చక్రవర్తి ఆ ఆజ్ఞను వెనక్కి తీసుకున్నాడు. బౌద్ధం అక్కడ నిలిచింది.

విజయపురిలో ఇలాంటి గొడవ కనబడదు. ఎహువల శాంతమూలుని కాలంలో అతని తల్లి భట్టిదేవ విహారం కట్టించింది, అదే లోయలో పుష్పభద్రస్వామి గుడి కూడా లేచింది. అయినా 7వ శతాబ్దంలో హుయాన్‌త్సాంగ్ ధాన్యకటకానికి, అంటే ఇప్పటి అమరావతికి వచ్చేసరికి, చాలా విహారాలు పాడుపడి ఉన్నాయి. ఇరవై మాత్రమే నడుస్తున్నాయని రాశాడు.

ఎందుకిలా? నాగార్జునకొండలో పెద్ద దానాలు చాలావరకు ఒక్క రాజకుటుంబపు ఆడవాళ్లవి. 4వ శతాబ్దం మొదట్లో ఇక్ష్వాకులు పోగానే ఆ చేతులు ఆగిపోయాయని నాకనిపిస్తుంది. చైనాలోనైతే చనిపోయినవాళ్ల పండుగగా ప్రతి ఇంట్లోకీ చేరింది, రాజు మూయించినా ఇంట్లోంచి పోలేదు.

కానీ అమరావతికి ఈ జవాబు సరిపోదు. అక్కడ దానాలు చేసినవాళ్లలో మామూలు జనం ఎందరో ఉన్నారు. విధికుడు అనే చర్మకారుడు తన తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి ఒక రాతిపలకను ఇచ్చాడు. దాని మీద ఉన్నది పూర్ణఘటం, మన పెళ్లిళ్లలో గుమ్మం దగ్గర పెట్టే పూర్ణకుంభమే.