గుర్రాలు తిన్న మగ్గం

మన ఇంట్లో ఒక మాట ఉంది. ఎవరైనా డబ్బు ఊరికే పోగొట్టుకుంటే "చిన్నతాత మగ్గం లెక్క అయింది" అంటారు. ఆ మగ్గం ఏమైందని అడిగితే నాయనమ్మ ఒకటే చెప్తుండె: "గుర్రాలు తిన్నయి." చిన్నప్పుడు మేం నిజంగానే గుర్రాలొచ్చి పడుగు నమిలి పోయినయని అనుకున్నాం. తర్వాత తెలిసింది, చిన్నతాత పూణెకు పోయి రేసులు ఆడేవాడని, ఇంట్లో ఉన్న మూడు మగ్గాల్లో ఒకటి దానికే అమ్ముడుపోయిందని. ఆ తర్వాతనే ఆయన ఇల్లు విడిచి భివండికి పోయిండు. రెండిళ్ల మధ్య పెండ్లిపత్రికలు తప్ప మాటలు లేకుండా ముప్పై ఏళ్లు గడిచాయి.

పోయిన దసరాకు సాఖర్‌పేట పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద తాత లెక్కల పుస్తకం దొరికింది. 1966 నుంచి 1972 దాకా ఉంది. అంకెలన్నీ పాత తెలుగు అంకెలు. తెలుగు బడిలో చదివిన మన వరసవాళ్లకు కూడా అవి రాలేదు గానీ మాకు వచ్చాయి, ఎందుకంటే మేం చదివింది కన్నడ బడిలో. కన్నడ అంకెలకూ వీటికీ తేడా తక్కువ. రెండు నెలలు ఆదివారాలు కూచుని చదివాం. చదివినంక నాయనమ్మ మాట మీద అనుమానం వచ్చింది.

పుస్తకంలో "పూణె" అని ఎనిమిది చోట్ల ఉంది. ఆ ఎనిమిదీ జులై నుంచి అక్టోబర్ లోపలివే. వానాకాలంలో రేసులు పూణెలో, చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా బొంబాయిలో. ఆ ఏర్పాటు ఇప్పటికీ అదే. కాబట్టి నాయనమ్మ చెప్పింది అబద్ధం కాదు, చిన్నతాత రేసులకు పోయిండు. కానీ అదే పుస్తకంలో "ఆ" అని ఒక అక్షరం, పక్కన ఒక చిన్న మొత్తం, నాలుగు వందల పన్నెండు సార్లు ఉంది. ఎనిమిదణాలు, రూపాయి, ఒక్కోసారి ఐదు. మొదట ఆసామి అనుకున్నాం, తర్వాత ఆకు అనుకున్నాం, అత్తమ్మ బీడీలు చుట్టేది గనక. బాపు చూసి నవ్విండు. "ఆకడా" అన్నడు. మట్కా నంబరు.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి, ఎందుకంటే ఈ ఆకడాకూ మన నూలుకూ చుట్టరికం ఉంది. 1950ల్లో బొంబాయి మిల్లు పేటల్లో ఒక పందెం నడిచేది. న్యూయార్క్ పత్తి ఎక్స్ఛేంజిలో ధర ఎంతతో తెరిచింది, ఎంతతో మూసింది అన్నది తంతి మీద బొంబాయికి వచ్చేది. ఆ ధర చివరి అంకె మీద జనం రూపాయి, అర్ధరూపాయి కాసేవాళ్లు. పత్తి వడికే మనిషి తాను ఎప్పుడూ చూడని ఊళ్లో పత్తి ధర మీద పందెం కాసిండన్నమాట. 1961లో న్యూయార్క్ వాళ్లు ఆ రేట్లు పంపడం ఆపారు. ఆట మాత్రం ఆగలేదు. కచ్ నుంచి వచ్చి వర్లీలో కిరాణా దుకాణం పెట్టుకున్న కళ్యాణ్‌జీ భగత్ 1962లో సొంతంగా నంబర్లు తీయడం మొదలుపెట్టిండు. 1964లో కరాచీ నుంచి వచ్చిన రతన్ ఖత్రీ ఇంకొకటి పెట్టిండు. చీటీలు కుండలో వేసి తీసేవారు గనక మట్కా అన్న పేరు నిలిచింది. తర్వాత కుండ పోయి పేకముక్కలు వచ్చినా పేరు మారలేదు. మూడు ముక్కలు తీసి కూడితే వచ్చే చివరి అంకె ఓపన్, మళ్లీ అర్ధరాత్రి ఇంకో మూడు తీస్తే క్లోజ్. ఫోన్ మీద ఊరూరికీ పోయేది. వర్లీ చాళ్లలో మన పద్మశాలీలు ఎంతమంది ఉండేవారో మన ఇంట్లో అందరికీ తెలుసు. అక్కడి ఆట ఇక్కడి పేటకు రావడానికి ఎంతసేపు.

ఇక గుర్రాల కథ దీనికంటే చాలా పాతది, చాలా పెద్దింటిది. బొంబాయి టర్ఫ్ క్లబ్ 1802 నాటిది. మొదట పందేలు బైకుల్లాలో జరిగేవి. అక్కడికి దగ్గరే కామాఠీపుర, నైజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగు కూలీల పేరు మీద వెలసిన పేట. 1883లో మహాలక్ష్మి మైదానం వచ్చింది, సుమారు 225 ఎకరాలు, చుట్టూ మిల్లులు. 1935లో క్లబ్బు పేరుకు రాయల్ అన్న మాట చేరింది. అటు మన సొంత ప్రాంతంలో చూస్తే 1868 నుంచి మౌలాలిలో పందేలు ఉండేవి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాటిని తన మహలుకు దగ్గరగా ఉండాలని 1886లో మలక్‌పేటకు మార్చిండు. రైలు కూడా ఆ రోజుల్లోనే. పూణె లైను షోలాపూర్‌కు 1860లో వచ్చింది, వాడీ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో. మన పెద్దలు ఊళ్లు విడిచి దిగింది ఈ లైను మీదనే. అంటే మలక్‌పేట, పూణె, మహాలక్ష్మి మూడు రేసు మైదానాలూ ఒకే రైలు దారిలో ఉంటే మధ్యలో మనం మగ్గాలు పెట్టుకుని కూచున్నాం.

ఇప్పుడు చట్టం. 1887 బొంబాయి జూద నిరోధక చట్టం పందెం కాయడం జూదమే అంటుంది. కానీ గుర్రప్పందెం మీద, లైసెన్సు ఉన్న మైదానంలో, పందెం జరిగే రోజు, అందుకోసం విడిగా పెట్టిన ఆవరణ లోపల కాస్తే అది జూదం లెక్కలోకి రాదు. లైసెన్సు ఇచ్చేందుకు 1912లో ఇంకో చట్టం చేశారు. కంచె లోపల కాసినోడు పెద్దమనిషి, అదే గుర్రం మీద అదే రూపాయి కంచె బయట కాసినోడు నేరస్తుడు. చిన్నతాత పూణెకు ఎనిమిది సార్లు పోయిండు, ఒక్కసారీ ఎవరూ ఏమీ అనలేదు. పేట మూల మీద చీటీ రాస్తూ రెండు సార్లు దొరికిండు. పుస్తకంలో "జుల్మానా" అని రెండు చోట్ల ఉంది. రెండోసారి పక్కన తాత పెన్ను గట్టిగా ఒత్తి గీత కొట్టిండు, కాగితం చిరిగింది.

గుర్రానిది నైపుణ్యం, నంబరుది అదృష్టం, అందుకే తేడా అంటారు. తమిళనాడు ప్రభుత్వం 1974లో గుర్రప్పందేలు రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. అది సుప్రీంకోర్టు దాకా పోయి 1996లో తీర్పు వచ్చింది: గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట, జూదం కాదు. మాకు ఆ తీర్పుతో పేచీ లేదు. మంచి గుర్రం, మంచి జాకీ, మంచి శిక్షణ గెలుస్తాయి. 1970ల్లో స్క్వాండరర్ అనే గుర్రం 19 పరుగుల్లో 18 గెలిచింది, అది అదృష్టమెట్లా అవుతుంది? కానీ ఆ నైపుణ్యం ఎవరి చేతిలో ఉంది? తెల్లవారుజామున గుర్రం ఎట్లా పరిగెత్తిందో, కాలు వాచిందో లేదో, ఇవాళ గెలవాలని వచ్చిందో లేక వచ్చే వారానికి దాచుకుంటున్నారో లాయంలో వాళ్లకు తెలుసు. రైల్లో ఏడెనిమిది గంటలు కూచుని వచ్చిన నేతగాడికి తెలిసేది చేతిలో ఉన్న రేసు పుస్తకం అంతే. ఇది మనకు కొత్త కాదులెండి. నూలు ధర చెప్పేది షావుకారి, చీర ధర చెప్పేదీ షావుకారే. మధ్యలో మన నైపుణ్యం ఎప్పుడూ ఉండనే ఉంది.

రేసులు నడిపే పద్ధతిలో మాకు కోపం వచ్చేది ఇక్కడే. క్లబ్బును నడిపేది కమిటీ. కమిటీని ఎన్నుకునేది సభ్యులు. గుర్రాల యజమానులు చాలామంది ఆ సభ్యుల్లోనే ఉంటారు. గుర్రాన్ని కావాలని ఆపాడా లేదా అని జాకీని విచారించే స్టీవార్డులూ ఆ లోకం వాళ్లే. పందెం డబ్బు పోసేది గేటు దగ్గర నిలబడ్డ జనం. వాళ్లకు ఓటు లేదు, కుర్చీ లేదు. బరువులు చూసి ఫలితం ఖాయమని ప్రకటించాక చెల్లింపులు అయిపోతాయి. ఆ తర్వాత విచారణలో జాకీ తప్పు తేలి సస్పెండ్ చేసినా కాసినోడి డబ్బు వెనక్కి రాదు. మేం చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా పనిలో లోపం రిలీజ్ తర్వాత దొరికినా సరిచేసి పంపాలి. ఇక్కడ లోపం దొరికినందుకు శిక్ష ఉంది, సరిచేయడం లేదు.

మరి పన్ను సంగతి చూద్దాం. ఉద్యోగం అలవాటుతో లెక్క వేశాం. మట్కాలో పది అంకెలు, గెలిస్తే రూపాయికి తొమ్మిది. అంటే నడిపేవాడు నూటికి పది మింగుతాడు. గుర్రాల మీద 2017 జులై నుంచి జీఎస్టీ 28 శాతం. అది క్లబ్బు కమీషన్ మీదనే వెయ్యాలని బెంగుళూరు టర్ఫ్ క్లబ్ కోర్టుకు పోతే 2021లో కర్ణాటక హైకోర్టు ఒప్పుకుంది. 2023 అక్టోబర్ నుంచి చట్టం మార్చి పూర్తి పందెం మొత్తం మీదే వేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం. దానికి పైన క్లబ్బు కోత వేరే. చట్టం ఒప్పుకున్న ఆటలో కోత చట్టం ఒప్పుకోని ఆటకంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. పన్ను కట్టలేని జనం కంచె బయట బుకీ దగ్గరకు పోతే ఆశ్చర్యం ఏముంది?

ఇట్లా రాస్తే మట్కాను మెచ్చుకున్నట్టు కనిపించొచ్చు. కాదు. కోత నూటికి పదే అయినా ఆ ఆట రోజూ ఉంది, వీధి మూల మీద ఉంది, అప్పు మీద కూడా రాస్తారు. మిగిలిందే మళ్లీ కాస్తూ పోతే నూరు రూపాయలు సగటున ఐదు రోజులకు యాభై తొమ్మిది, పది రోజులకు ముప్పై అయిదు. గుర్రం కోసం రైలెక్కాలి, టికెట్టు కొనాలి, ఒక రోజు మగ్గం ఆపాలి. ఆ కష్టమే మనిషిని కొంత కాపాడింది. పుస్తకం కూడా అదే చెప్తోంది. ఎనిమిది పూణె ప్రయాణాలకు పోయింది కూడి చూస్తే ఒక మగ్గం ధరలో చిన్న భాగం. ఒకసారి అయితే "పూణె, వచ్చింది ౪౦" అని ఉంది, ఆ వారం నాయనమ్మకు చీర కొన్న పద్దు కూడా ఉంది! మగ్గాన్ని తిన్నది "ఆ".

మరి గుర్రాల మీదకు ఎందుకు తోశారు? బాపును అడిగాం. ఆయన చాలాసేపు ఆలోచించి, "పెండ్లిచూపులకు వచ్చినోళ్లకు ఏం చెప్పాలె మరి" అన్నడు. గుర్రాల మీద పోయిందంటే రాజులకు పోయినట్టే పోయింది. నిజామూ ఆడిండు, బరోడా మహారాజు గుర్రం 1943లో మొదటి ఇండియన్ డెర్బీ గెలిచింది. మట్కా మీద పోయిందంటే పోలీసులు, జుల్మానా, వీధి మూల. చట్టం గీసిన కంచెనే మన ఇంటివాళ్లు కూడా గీసుకున్నారు. ఇద్దరు అత్తల పెండ్లిళ్లు ఆ మాట మీద నిలబడ్డాయి, చిన్నతాత మాత్రం కంచె బయటనే ఉండిపోయిండు.

ఓడిన గుర్రాల సంగతి అడిగిన పిల్లలకు ఒక ముక్క. పూణె పూనావాలా కుటుంబం రేసు గుర్రాలను పెంచేది. రేసులు మానేసిన గుర్రాలను బొంబాయి హాఫ్‌కిన్ సంస్థకు ఇచ్చేవారు; వాటి రక్తం నుంచి పాముకాటుకు, ధనుర్వాతానికి మందు తీస్తారు. ఆ మందు మనమే ఎందుకు తయారుచేయకూడదన్న ఆలోచనతోనే 1966లో సీరం ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. కోవిడ్‌లో మనలో చాలామంది వేయించుకున్న టీకా అక్కడిదే.

మహాలక్ష్మి భూమికి 1914లో తొంభై తొమ్మిదేళ్ల లీజు ఇచ్చారు, 2013లో అయిపోయింది. 2024లో అందులో సుమారు 120 ఎకరాలు పార్కు కోసం బొంబాయి కార్పొరేషన్‌కు వచ్చాయి, మిగతాది క్లబ్బు దగ్గరే ఉంది. వర్లీలో ఉన్న మనవాళ్లు పార్కు వస్తే వాకింగ్ పోతామంటున్నారు.

మగ్గం అమ్మిన పద్దు 1971లో ఉంది. వచ్చిన డబ్బులో ముప్పాతిక "ఆ బాకీ" కింద పోయింది. మిగతాదాని ఎదురుగా "తమ్మునికి, భివండి, రైలు, బియ్యం" అని ఉంది. తరిమేశారని మేం విన్నాం. ఖర్చిచ్చి పంపినట్టు పుస్తకంలో ఉంది. ఆ పేజీ ఫోటో భివండికి పంపి, ఇంట్లో మాట మార్చాలా అని అడిగాం. చిన్నతాత కొడుకు, మాకు చిన్నాయన, ఫోన్ చేసిండు. "గుర్రాలనే ఉండనియ్యండి బిడ్డా. ఆ పేజీ మాత్రం ఒకటి పెద్దగా కొట్టించి పంపండి" అన్నడు. పంపాం.

పుస్తకంలో పద్నాలుగో పేజీ నుంచి ముప్పై ఒకటి దాకా నీళ్లు పడి చెరిగింది. పాత అంకెలు చదవగలిగిన పెద్దలెవరైనా ఇంట్లో ఉంటే దీపావళికి వచ్చినప్పుడు ఒక గంట మాతో కూచోండి.