గైడు చదివినోళ్లం కాదు, నవల చదివినోళ్లం

ఇంకో నాలుగు పత్తికట్టెలు ఎయ్యిరా అబ్బీ, మంట పడిపోతోంది. నువ్వు ఇట్లా దగ్గరికి రా అమ్మీ. మాపటి నుంచి చూస్తున్నా, ఆ పుస్తకం వదలవు. ఏంది అది? 'చివరకు మిగిలేది'కి గైడా? ఎం.ఏ. తెలుగు చదివే పిల్ల నవల పక్కన పెట్టి గైడు చదివితే ఎట్లా? కూర్చో. మేం ఆ నవలలు ఎట్లా చదివినామో చెప్తా.

నీకు కర్నూల్లోనే రాయలసీమ విశ్వవిద్యాలయం ఉంది, 2008లో పెట్టినారు. మాకు అనంతపురమే దిక్కు. ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాత పోయినోళ్లం మేము. అది అప్పటికింకా శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కాలేదు. 1968లో తిరుపతి యూనివర్సిటీకి పీజీ సెంటరుగా మొదలై, 1976లో స్వయంప్రతిపత్తి తెచ్చుకుని, 1981లో విశ్వవిద్యాలయం అయింది. ఆదోనిలో పెద్దలైను బండెక్కి గుంతకల్లులో దిగి, మీటరు గేజి బండి పట్టుకోవాల. మూటలో జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి. హాస్టలు చేరేలోపల సగం ఖాళీ.

నవల పేపరు చెప్పే సారుది ఒక పద్ధతి. కథ చెప్తుండ్లే. "చదివి రాండి. మీకేమనిపించిందో మీరే చెప్పండి" అని వెనక బెంచీలో కూర్చుంటుండె. మొదట్లో మాకు నోరు పెగల్లేదు. ఇంటర్లోనూ డిగ్రీలోనూ మాకేమనిపించిందని అడిగినోడు ఎవడు?

మొదలు 'మాలపల్లి'. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాయవేలూరు జైల్లో కూర్చుని రాసింది. 1922లో అచ్చయితే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కోసిగి పక్కనుంచి వచ్చిన పిల్లోడొకడు, అప్పటిదాకా క్లాసులో దగ్గినోడు గూడా కాదు, ఆ పొద్దు లేసి నిలబడినాడు. "మా ఇంట్లో అందరూ సుగ్గికి, అంటే కోత కూలికి, పోతారు సార్. కూలి గింజలు కొలిచేటప్పుడు మా నాయన తల ఎత్తడు. ఈ నవలలో సంగదాసు అడిగిన న్యాయమే ఆయన మనసులో గూడా ఉంది, నోటికి రాలేదు, అంతే" అన్న్యాడు. క్లాసంతా గమ్మున అయిపోయింది. గాంధేయవాదమా, సామ్యవాదమా అని నోట్సు రాసుకొచ్చినోళ్లం మేము. ఆ నోట్సు బయటికి తీసేకి ఎవరికీ మనసు రాలేదు.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' కాడ మాత్రం పెద్ద కొట్లాటే అయింది. ఎమ్మిగనూరు పిల్లోడు ఒకడుండె. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన నేతగాళ్ల సొసైటీ ఉంది చూడు, దాంట్లో వాళ్ల నాయన మగ్గం నేస్తుండె. వానికి ఆ నవల నాయకుడు సీతారామారావు అంటే ఒళ్లు మంట. "రోజుకు నాలుగు గజాలు నేసింటే ఈ ఆలోచనలే రావు సార్" అన్న్యాడు. అందరూ నవ్వినారు. ఆదోని పత్తి వ్యాపారి కొడుకు మాత్రం నవ్వలేదు. "మా ఇంట్లోనే ఉన్న్యాడు సార్ సీతారామారావు. తాత సంపాదించిందంతా పరువు కోసం పోగొట్టి, ఇప్పుడు లోకమే చెడ్డదని అరుగు మీద కూర్చుని తిడుతుంటాడు. ఆయన సోమరి కాదు. బతికేది ఎట్లనో ఆయనకు ఎవరూ నేర్పలేదు" అన్న్యాడు. ఎమ్మిగనూరోడు సాయంత్రం వాణ్ని పిలుచుకుపోయి ఉగ్గాని, బజ్జీలు తినిపించినాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకే రూములో ఉన్న్యారు.

ఇంక నీ 'చివరకు మిగిలేది'. దాంట్లో నాయకుడు దయానిధి ఏకాకితనం గురించి మగపిల్లోళ్లమంతా గంటసేపు మాట్లాడినాం. మా బ్యాచిలో ఆడపిల్లలు తక్కువ. వాళ్లల్లో ఒకామె చివర్న అడిగింది: "తల్లి మీద పడిన నింద కొడుకును ఎట్లా బాధపెట్టిందో అందరూ చెప్తున్నారు. ఆ తల్లికి ఏమనిపించిందో ఎవరన్నా ఆలోచించినారా?" సారు లేసి నిలబడి, "నేను గూడా ఇన్నేండ్లు అడగలేదమ్మా" అన్న్యాడు. ఆ ప్రశ్న నీ గైడులో ఉందేమో చూడు.

అదే నవలలో మన సీమ గూడా ఉంది. రాసిన బుచ్చిబాబు అనంతపురం కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేసినాయన. అందుకే దయానిధిని వైద్యునిగా ఈ పక్కకు తెచ్చినాడు, వజ్రం గూడా దొరికించినాడు. మాకు సంబరమే సంబరం. ఎందుకంటే తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి చేన్లల్లో జనం వజ్రాలకు వెదకడం మేం కండ్లారా చూసినోళ్లమే. కానీ ఎమ్మిగనూరోడు ఊరుకుంటాడా? "సీమకు వచ్చిన డాక్టరు దయానిధి కనపడినాడు. చేన్లో పొద్దంతా నడుము వంచి వెదికే అవ్వ ఏదీ? ఆమె కథ ఎవరు రాస్తారు?" అని అడిగినాడు. "మీరే రాయాల" అన్న్యాడు సారు.

అప్పుడే ఇంకో మాట గూడా చెప్పినాడు. అందరూ కందుకూరి 'రాజశేఖర చరిత్రము' దగ్గర, అంటే 1878 దగ్గర మొదలుపెడతారు. దానికి ముందే, 1872లో, 'శ్రీ రంగరాజ చరిత్ర' వచ్చింది. రాసిన నరహరి గోపాలకృష్ణమ శెట్టి కర్నూలు డిప్యూటీ కలెక్టరుగా చేసినాయన. 1886లో అచ్చయిన కర్నూలు జిల్లా మాన్యువలు కూర్చింది గూడా ఆయనే. తొలి నవల ఏదనే వాదం పండితులు ఇంకా చేస్తూనే ఉన్న్యారు, చేసుకోనీ. తెలుగు నవల పుట్టినప్పుడు మన జిల్లా దూరంగా మాత్రం లేదు.

మావాళ్లల్లో నవల రాసినోడు ఎవడూ లేడు. బడిపంతుళ్లు అయినారు, బ్యాంకుల్లో చేరినారు. సీమ నవల మాత్రం ఆగలేదు. అనంతపురం బండి నారాయణస్వామి 'శప్తభూమి'కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ వార్త చదివి కోసిగి పిల్లోడు, ఇప్పుడు వాడూ తాతే, నాకు ఫోను చేసి అర్ధగంట మాట్లాడినాడు.

మన ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండె. ఒకే వీధిలో తెలుగు, కన్నడం, ఉర్దూ మాట్లాడే ఊరు ఇది. పత్తి మార్కెట్టు, మగ్గాలు, సుగ్గి బండ్లు, రాయాల్సింది శానా ఉంది. పరీక్ష పాసయ్యేకి గైడు చాలు, కాదనను. రాసేకి మాత్రం నవలే చదవాల. ఈ సెలవుల్లో పుస్తకం మొత్తం చదువు. తర్వాత మన వీధిలో దయానిధి ఎవడో, ఆ తల్లి ఎవరో నువ్వే చూసి రాసుకో అమ్మీ.