గ్రీక్ సలాడ్ డ్రెస్సింగ్: సీసాలో ఏముంది, ఇంట్లో ఎలా కలపాలి?

పాట్‌లక్ అనగానే మనవాళ్లు పులిహోర, గారెలు, చికెన్ కూర ముందే పంచేసుకుంటారు. ఆఖరికి మిగిలే సలాడ్ ఎవరో ఒక మొహమాటస్తుడి నెత్తిన పడుతుంది. నాలుగైదు సార్లు అది నేనే. కీరా, టమాటా తరిగి గ్రీక్ డ్రెస్సింగ్ సీసా ఒకటి గుమ్మరించి తీసుకెళ్లేవాణ్ణి. గిన్నె నిండుగా వెళ్లి నిండుగానే తిరిగొచ్చేది. ఒకసారి ఆ సీసా వెనక లేబుల్ చదివాను. మొదటి పేరు సోయా నూనె, రెండోది నీళ్లు, ఆ తర్వాత వెనిగర్, చక్కెర. ఆలివ్ నూనె ఎక్కడో చివర్లో కనిపించింది.

అసలు గ్రీస్‌లో ఇలాంటి సీసా ఏమీ ఉండదు. అక్కడి వాళ్లు 'హొర్యాతికి' అంటారు, అంటే పల్లెటూరి సలాడ్ అని. టమాటా, కీరా, ఉల్లిపాయ, పచ్చి క్యాప్సికం, ఆలివ్ కాయలు, పైన ఒక ఫెటా ముక్క. లెట్యూస్ వెయ్యరు. మీద ఆలివ్ నూనె ధారగా పోసి, ఎండు ఒరెగానో నలిపి చల్లుతారు. కొందరు కాస్త వెనిగర్ కలుపుతారు, కొందరు టమాటా పులుపే చాలంటారు. వెనిగర్, వెల్లుల్లి, ఆవ ముద్ద కలిపి గిలక్కొట్టే 'గ్రీక్ డ్రెస్సింగ్' అమెరికాలో స్థిరపడిన పద్ధతి. తప్పేమీ లేదు, రుచిగానే ఉంటుంది. ఇంట్లో కలుపుకుంటే ఇంకా బాగుంటుంది.

ఎనిమిది మందికి సరిపడా కొలత ఇది. ఎక్‌స్ట్రా వర్జిన్ ఆలివ్ నూనె అర కప్పు, రెడ్ వైన్ వెనిగర్ మూడు టేబుల్ స్పూన్లు, నిమ్మరసం ఒక టేబుల్ స్పూను, ఎండు ఒరెగానో ఒక టీస్పూను, డీజాన్ మస్టర్డ్ ఒక టీస్పూను, దంచిన వెల్లుల్లి రెబ్బ ఒకటి, కొంచెం ఉప్పు, మిరియాల పొడి. మూత ఉన్న గాజు సీసాలో వేసి అర నిమిషం గట్టిగా ఊపితే చాలు. నూనె, వెనిగర్ వాటంతటవి కలవవు. ఆవ ముద్ద ఆ రెంటినీ కాసేపు పట్టి ఉంచుతుంది. ఫ్రెంచ్ పద్ధతిలో ఒక వంతు పులుపుకి మూడు వంతుల నూనె వేస్తారు. మన నాలుకకి అది జిడ్డుగా అనిపిస్తుంది కాబట్టి నేను రెండు వంతులే వేస్తాను. ఉప్పు మాత్రం చెయ్యి బిగపట్టి వెయ్యండి. ఫెటా, ఆలివ్ కాయలు రెండూ ఉప్పునీటిలో నానినవే. బీపీ ఉన్నవాళ్లు అసలు వెయ్యకపోయినా ఫరవాలేదు.

రెడ్ వైన్ వెనిగర్‌లో మందు ఉంటుందా అని చాలామంది అడుగుతారు. పులిసి వెనిగర్‌గా మారేసరికి ఆల్కహాల్ దాదాపుగా ఆమ్లం అయిపోతుంది, జాడగా మిగిలితే మిగలొచ్చు. అదీ వద్దనుకుంటే నిమ్మరసం ఒక్కటే వాడుకోవచ్చు. ఒరెగానో బదులు పెరట్లో వామాకు ఉంటే ఒకటి రెండు ఆకులు సన్నగా తరిగి వేసి చూడండి. మొక్కలు వేరైనా, రెండింటి ఘాటుకీ ముఖ్య కారణం కార్వక్రాల్ అనే నూనె పదార్థమే.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఇంట్లో చేసిన డ్రెస్సింగ్‌లో పచ్చి వెల్లుల్లి వేస్తే దాన్ని కిచెన్ గట్టు మీద ఉంచకండి. మట్టిలో ఉండే బొటులిజం బ్యాక్టీరియా బీజాలు వెల్లుల్లిని అంటిపెట్టుకుని రావచ్చు. పైన నూనె ఉంటే గాలి తగలదు, పులుపు చాలకపోతే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. వాసన మారదు, రుచి మారదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌లో ఫ్రిజ్ బయట ఉంచిన నూనె వెల్లుల్లి తిని ముప్పై మందికి పైగా జబ్బుపడ్డారు. 'మరి ఆవకాయలో వెల్లుల్లి ఏడాదంతా బయటే ఉంటుంది కదా' అని మా అమ్మ వాదించింది. ఉంటుంది, కానీ ఆవకాయని కాపాడేది దండిగా వేసే ఉప్పు, మామిడికాయ పులుపు. డ్రెస్సింగ్‌లో అంత ఉప్పు ఉండదు. వెనిగర్ ఉన్నా సరే ఫ్రిజ్‌లోనే పెట్టి, నాలుగు రోజుల్లో వాడెయ్యండి. ఒట్టి నూనెలో వెల్లుల్లి నానబెట్టి ఉంచే అలవాటు ఉంటే మానుకోవడమే మంచిది. ఫ్రిజ్‌లో ఆలివ్ నూనె గడ్డకట్టినట్టు కనిపిస్తే పాడైపోయిందని పారబొయ్యకండి, పది నిమిషాలు బయట ఉంచితే కరుగుతుంది.

శాకాహారులు ఫెటా విషయంలో లేబుల్ చూడాలి. ఐరోపాలో 2002 నుంచి గ్రీస్‌లో చేసినదానికే ఆ పేరు; కనీసం 70 శాతం గొర్రె పాలు, మిగతాది మేక పాలు ఉండాలి. అమెరికాలో ఆవుపాలతో చేసినదాన్నీ ఫెటా అనే అమ్ముతారు. పాలు విరగడానికి వాడే రెన్నెట్ కొన్నింటిలో దూడ పొట్ట నుంచి తీసినదే. మైక్రోబియల్ లేదా వెజిటేరియన్ రెన్నెట్ అని రాసి ఉంటే నిశ్చింత. 'గ్రీక్ విత్ ఫెటా' అన్న డ్రెస్సింగ్ సీసాలకీ ఇదే లెక్క.

ఇది ఒక్క సలాడ్‌కే కాదు. ఉడికించిన కాబూలీ శనగల్లో, వేడి బంగాళాదుంప ముక్కల్లో బాగా ఇంకుతుంది. గ్రీకులు అలసందలతోనూ సలాడ్ చేసుకుంటారు, మనకి అది చటుక్కున నచ్చుతుంది. పనీర్, చికెన్ అరగంట నానబెట్టి కాల్చుకోవచ్చు. పచ్చి చికెన్ తగిలిన మిశ్రమాన్ని మాత్రం మళ్లీ పైన పొయ్యకూడదు. ఆరోగ్యం పేరుతో ధారాళంగా పోసేవాళ్లకి ఒక మాట: టేబుల్ స్పూను ఆలివ్ నూనె దాదాపు 120 క్యాలరీలు.

పాట్‌లక్‌కి తీసుకెళ్తే కూరముక్కలు ఒక గిన్నెలో, డ్రెస్సింగ్ విడిగా సీసాలో పట్టుకెళ్లండి. ముందే కలిపితే ఉప్పుకి కీరా, టమాటా నీళ్లు వదిలేస్తాయి, అక్కడికి చేరేసరికి చారు అవుతుంది. వడ్డించే ముందు ఊపి కలపండి. ఆఖరున గిన్నె అడుగున మిగిలే పులుపు రసంలో గ్రీకులు రొట్టె ముక్క అద్దుకుని తింటారు. మా ఇంట్లో ఆ పని పుల్కాలు చేస్తున్నాయి.